మ్యూట్ కాలు

బొమ్మ వస్తాంది, మాట రావడంలే.
హసావీలో మా గది గేము డబ్బాకు పట్టుకున్న రోగం అది.
శుక్రవారం సంతలో ఏడు దీనార్లకు తెచ్చినాం.
ఎవడో ముందే పొట్ట కోసి, చిప్పు పెట్టి,
కాపీ డిస్కులు తినడం అలవాటు చేసినాడు దానికి.

మొదట ఎవరైనా చేసేదే చేసినా.
ఎర్ర పిన్ను తెల్ల బొక్కలో, తెల్లది ఎర్రదాంట్లో.
వైరు మార్చినా. పక్క గది మలబారోళ్ల టీవీ అడిగి తెచ్చినా.
సెట్టింగుల్లోకి పోయి స్టీరియో తీసి మోనో,
మోనో తీసి మళ్లీ స్టీరియో.
డిస్కు బనీనుకు తుడిచినా.
మస్తాను పైన ఒకటి పీకినాడు, అదీ వైద్యమే కదా.
ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మాకుండేది ఒకటే ఆట, క్రికెట్టు.
బ్యాటు తగుల్తాది, బంతి పోతాది,
జనం లేచి చేతులూపుతారు
గాజు తొట్టెలో చేపల మాదిరి.
రెండు వారాలు చూసి చూసి
టైర్ల షాపు పెంచలయ్య
ఒక రాత్రి మంచం మీద నుంచే "టక్" అన్నాడు.
బ్యాటు తగిలిన క్షణానికి సరిగ్గా.

ఇంక ఆగలే.
"ఎత్తినాడు, ఎత్తినాడు, బంతి రాయచోటి బస్టాండు దాటి
సుండుపల్లి రోడ్డెక్కింది, కండక్టరూ, టికెట్టు కొట్టు!"
నోబాల్ పడితే
"అయ్య గీత దాటినాడు, అకామా చూపించమనండి!"
జనం హోరు కూడా ఆయప్పే,
అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని.
పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చిన గొంతు,
రబ్బరు వాసన గొంతు.
పదో ఓవరుకు దగ్గు తెర.

"పెంచలన్న గొంతు పోతాంది,
హవల్లీలో నువ్వు చేసే మెకానిక్కు పని ఏందిరా" అన్నాడు సుబ్బరాయుడు.
మాట గుచ్చుకుంది.

దుమ్ము గాలి లేచిన దినం, బేరాల్లేవు.
ఉస్తాద్ అబూ నిజార్ బల్ల ఖాళీ చేసి ఇచ్చినాడు.
మరలు ఊడదీస్తే ఫ్యాను రెక్కల్లో చిటికెడు ఇసుక,
ఎండిన బొద్దింక ఒకటి,
వెంట్రుక కంటే సన్నం, చిప్పు నుంచి పారిన నీలం తీగలు.

తెగిన ఇయర్‌ఫోను ఒక కొస ఎర్తుకు,
ఇంకో కొస సూదికి కట్టి
బోర్డు మీద అడుగడుగూ ఆనించి విన్నా, నాడి పట్టినట్టు.
పెద్ద ఐసీ కాలు దగ్గర, ఉంది.
కెపాసిటర్ దాటినాక, ఉంది,
చీమల సంతలాగా సన్నంగా స్టేడియం.
సాకెట్టు దగ్గర మాత్రం లేదు.

అంటే శబ్దం పుట్టింది,
నడిచింది, గడప దాకా వచ్చి
ఇన్నాళ్లూ నిలబడే ఉంది.

గడపలో ఆవగింజంత ట్రాన్సిస్టర్లు రెండు.
"మ్యూట్" అన్నాడు ఉస్తాదు, పెదాల మీద వేలు పెట్టి.
స్విచ్చి వేసినప్పుడు ఠప్పుమని చెవిలో పడకుండా
ఒక్క క్షణం నోరు మూసి పట్టుకోవడం వాటి కొలువు.
తర్వాత వదిలేయాల.
నీలం తీగ మీద నుంచి జారిన సీసం బొట్టు
దాని కాలి మీద వాలి ఉంది.
వదులు అన్న మాట అందలేదు దానికి.
పాపం, చెప్పిన పని చేస్తానే ఉంది.

ఇనుము ఆనించి తీసినా. ఒక ఊపిరంత సేపు.

శుక్రవారం డబ్బా గొంతెత్తింది.
డప్పులు, ఈలలు, ఎవరో దొర ఇంగ్లీషులో గడగడా.
అందరం చప్పట్లు కొట్టినాం, పెంచలయ్య అందరికంటే ముందు.
మూడో ఓవర్లో సిక్సరు పడింది.
దొర ఏదో అన్నాడు.
మేము నలుగురం ఒక్కసారే తలలు తిప్పినాం పొయ్యి వైపు.
ఆయప్ప ఉల్లిగడ్డ తరుగుతాన్నాడు,
పెదాలు మాత్రం కదుల్తాండాయి.

మళ్లీ వారం డబ్బా వెనక చిన్న బొక్క వేసి
ఆ మ్యూట్ కాలికి స్విచ్చి ఒకటి బిగించినా.
బాగైనదాన్ని చెడగొట్టడానికి ఇంత ఓపికా అని
అబూ నిజార్ నవ్వినాడు, స్విచ్చికి దుడ్లు తీసుకోలే.
పైకి నొక్కితే స్టేడియం.
కిందికి నొక్కితే రాయచోటి.

పెంచలయ్య పెట్టిన షరతు ఒకటే,
ఓవరుకు ఒక గుక్క టీ,
అల్లం వేసి.